తొమ్మిది మ్యాచ్‌లు, ఆరుగురు కెప్టెన్లు, రెండే గెలుపులు

2023 నవంబరు 19న అహ్మదాబాద్‌లో ట్రావిస్ హెడ్ 137 పరుగులు కొట్టి క్రికెట్ ప్రపంచకప్‌ను మన చేతుల్లోంచి ఎగరేసుకుపోయిన సంగతి తెలుగువాళ్లు అంత తేలిగ్గా మర్చిపోరు. అదే ఆదివారం ఆస్ట్రేలియాలో మరో క్రీడాసంఘం అధినేత పదవి ఊడింది. రగ్బీ ఆస్ట్రేలియా ఛైర్మన్ హేమిష్ మెక్‌లెనన్‌ను డైరెక్టర్ల బోర్డు గద్దె దించింది. దానికి సరిగ్గా మూడు వారాల ముందు, అక్టోబరు 29న, జాతీయ జట్టు కోచ్ ఎడ్డీ జోన్స్ వెళ్లిపోయాడు. అంతకు సరిగ్గా మూడు వారాల ముందు, అక్టోబరు 8న, ఆ జట్టు రగ్బీ ప్రపంచకప్ నుంచి గ్రూప్ దశలోనే బయటపడింది.

ఒకే దేశం ఒకే ఏడాది రెండు ప్రపంచకప్‌లు ఆడింది. క్రికెట్‌లో విజేతగా నిలిచింది. రగ్బీలో 1987 నుంచి జరిగిన అంతకుముందు తొమ్మిది టోర్నీల్లో ఏనాడూ క్వార్టర్‌ఫైనల్‌కు తక్కువ కాని జట్టు, పదోదాంట్లో అక్కడిదాకా కూడా చేరలేదు. 1991, 1999లో కప్పు గెలిచి, 2003, 2015లో ఫైనల్ ఆడిన జట్టు అది. పేరు వాలబీస్.

ఓటమి తర్వాత ఆస్ట్రేలియాలో మూడు మాటలు బాగా వినిపించాయి: ఆటగాళ్ల తీరు, నాయకత్వం, జట్టు ఎంపిక. ఏ జట్టు ఓడినా ఈ మూడింటిమీదే నెపం వేస్తారు కాబట్టి వీటిని గాలిమాటలుగా కొట్టిపారేయడం సులువు. కానీ వాలబీస్ విషయంలో మూడూ స్కోరుబోర్డు మీద, జట్టు జాబితాలో, పాయింట్ల పట్టికలో అంకెలుగా కనిపిస్తాయి. ఆ అంకెలను వరసగా పేర్చి చూస్తే, కోచ్‌ను మార్చగానే అంతా చక్కబడుతుందన్న నమ్మకం ఎంత ఖరీదైనదో కూడా అర్థమవుతుంది.

ముందు ఆట లెక్క

రగ్బీ యూనియన్‌లో జట్టుకు 15 మంది, ఆట 80 నిమిషాలు. బంతిని చేతబట్టుకుని ప్రత్యర్థి గీత దాటి నేలకు ఆనిస్తే ట్రై. దానికి 5 పాయింట్లు. ఆపైన బంతిని గోల్‌పోస్టుల మధ్య నుంచి, అడ్డకర్ర మీదుగా తన్నితే కన్వర్షన్, మరో 2. ప్రత్యర్థి నిబంధన మీరితే రిఫరీ ఇచ్చే పెనాల్టీని గోల్‌పోస్టుల మధ్యకు తన్నితే 3. ఆట నడుస్తుండగా బంతిని నేలకు తాకించి తన్నే డ్రాప్‌గోల్‌కూ 3. 2025లో మొదలైన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ ఆడింది సెవెన్స్. అది ఏడుగురేసి ఆడే పొట్టి ఆట. ఇక్కడ చెప్పుకునేది పదిహేనుగురి ఆట.

ప్రపంచకప్ గ్రూప్‌లో గెలిస్తే 4 పాయింట్లు, డ్రా అయితే 2. ఒక మ్యాచ్‌లో నాలుగు లేదా అంతకుమించి ట్రైలు కొడితే గెలిచినా ఓడినా ఒక బోనస్. ఏడు లేదా అంతకంటే తక్కువ తేడాతో ఓడితే ఒక ఊరట బోనస్. ఈ బోనస్‌ల లెక్కే చివరికి వాలబీస్ కొంప ముంచింది.

అయిదు పాయింట్ల తేడాకు కోచ్ బలి

కథ 2022 నవంబరులో మొదలవుతుంది. అప్పటి కోచ్ న్యూజిలాండ్‌వాసి డేవ్ రెనీ. ఆ ఏడాది చివర్లో వాలబీస్ యూరప్‌లో అయిదు మ్యాచ్‌లు ఆడారు. స్కాట్లాండ్‌ను 16-15తో, వేల్స్‌ను 39-34తో ఓడించారు. ఫ్రాన్స్ చేతిలో 30-29తో, ఇటలీ చేతిలో 28-27తో, ఐర్లాండ్ చేతిలో 13-10తో ఓడారు. ఇటలీ చేతిలో ఆస్ట్రేలియా ఓడటం అదే మొదటిసారి కాబట్టి ఆ వార్త గుప్పుమంది. కానీ తేడాలు చూడండి: 1, 1, 3. మూడు ఓటములూ కలిపితే అయిదు పాయింట్లు. కన్వర్షన్ తోడవని ఒక్క ట్రై అంత.

ఏడాది మొత్తం చూస్తే 14 టెస్టుల్లో, అంటే దేశాల మధ్య మ్యాచ్‌ల్లో, 5 గెలుపులు. గొప్ప లెక్కేం కాదు. రెనీ హయాం మొత్తం 34 టెస్టులు, 13 గెలుపులు, 3 డ్రాలు, 18 ఓటములు. గెలుపు శాతం 38. ఈ 38ని గుర్తుపెట్టుకోవాలి, మళ్లీ అవసరమవుతుంది.

2022 డిసెంబరులో ఇంగ్లండ్ తన కోచ్ ఎడ్డీ జోన్స్‌ను తొలగించింది. జోన్స్ ఆస్ట్రేలియావాడు. 2003లో ఆస్ట్రేలియాను ఫైనల్‌కు చేర్చి, జానీ విల్కిన్‌సన్ అదనపు సమయంలో కొట్టిన డ్రాప్‌గోల్ వల్ల 20-17తో కప్పు పోగొట్టుకున్న కోచ్. 2015లో జపాన్ కోచ్‌గా దక్షిణాఫ్రికాను 34-32తో ఓడించి ప్రపంచాన్ని నివ్వెరపరిచినవాడు. ఇంగ్లండ్‌ను 2019 ఫైనల్ దాకా తీసుకెళ్లాడు. అక్కడ ఆయన గెలుపు శాతం 73. ఇంతటివాడు ఖాళీగా దొరికేసరికి మెక్‌లెనన్ ఆగలేదు. 2023 జనవరి 16న రెనీని సాగనంపి, జోన్స్‌తో 2027 చివరి దాకా ఒప్పందం కుదుర్చుకున్నారు. ప్రపంచకప్‌కు అప్పటికి ఎనిమిది నెలలు కూడా లేదు.

73 శాతం వెనకాల దాగిన ఇంకో అంకెను ఆ ఉత్సాహంలో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2022లో ఇంగ్లండ్ ఆడిన 12 టెస్టుల్లో గెలిచినవి 5. రెనీ గెలుపులూ ఆ ఏడాది అన్నే. పైగా 2005లో ఇదే ఆస్ట్రేలియా ఇదే జోన్స్‌ను తొమ్మిది టెస్టుల్లో ఎనిమిది ఓడాక పంపించేసింది. సగటు పాత వైభవాన్ని చెబుతుంది. చివరి ఏడాది అంకెలు రేపటి సంగతి చెబుతాయి. బోర్డు మొదటిదాన్ని నమ్ముకుంది.

తొమ్మిది మ్యాచ్‌ల చిట్టా

జోన్స్ రెండో హయాంలో వాలబీస్ ఆడిన మ్యాచ్‌లన్నీ ఇవే. ఆస్ట్రేలియా స్కోరు ముందుంది.

- జులై 8, దక్షిణాఫ్రికా, ప్రిటోరియా: 12-43, ఓటమి
- జులై 15, అర్జెంటీనా, సిడ్నీ: 31-34, ఓటమి
- జులై 29, న్యూజిలాండ్, మెల్‌బోర్న్: 7-38, ఓటమి
- ఆగస్టు 5, న్యూజిలాండ్, డనెడిన్: 20-23, ఓటమి
- ఆగస్టు 27, ఫ్రాన్స్, పారిస్: 17-41, ఓటమి
- సెప్టెంబరు 9, జార్జియా (ప్రపంచకప్): 35-15, గెలుపు
- సెప్టెంబరు 17, ఫిజీ (ప్రపంచకప్): 15-22, ఓటమి
- సెప్టెంబరు 24, వేల్స్ (ప్రపంచకప్): 6-40, ఓటమి
- అక్టోబరు 1, పోర్చుగల్ (ప్రపంచకప్): 34-14, గెలుపు

తొమ్మిదింటిలో రెండు గెలుపులు, 22 శాతం. చేసిన పాయింట్లు 177, ఇచ్చినవి 270. అంటే మ్యాచ్‌కు దాదాపు 20 చేసి 30 ఇచ్చుకున్నారు. గెలిచిన రెండూ ఆ గ్రూప్‌లో అట్టడుగున నిలిచిన రెండు జట్ల మీద.

ఓటముల్లోని తేడాలే అసలు కథ చెబుతాయి. 31, 3, 31, 3, 24, 7, 34. ఏడు ఓటముల సగటు తేడా 19. రెనీ జట్టు 2022 నవంబరులో ఓడిన మూడు మ్యాచ్‌ల సగటు తేడా రెండు పాయింట్లకు లోపే. ఆ జట్టు అంచుల్లో జారింది. ఈ జట్టు కుప్పకూలింది. పైగా ఒక నిలకడ లేదు. మెల్‌బోర్న్‌లో న్యూజిలాండ్ చేతిలో 31 పాయింట్లతో చిత్తయిన వారానికే, డనెడిన్‌లో అదే న్యూజిలాండ్‌పై మొదటి సగంలో 17-3 ఆధిక్యం సాధించింది. సత్తా లేని జట్టు అంత ఆధిక్యం తెచ్చుకోలేదు. స్థిమితం ఉన్న జట్టు దాన్ని పోగొట్టుకోదు.

నాయకత్వం: ఒక ఏడాది, ఆరు పేర్లు

రగ్బీలో కెప్టెన్ పని టాస్‌తో మొదలై ఫీల్డింగ్ మార్పులతో ముగిసేది కాదు. మైదానంలో రిఫరీతో మాట్లాడే హక్కు ప్రధానంగా అతనిదే. పెనాల్టీ వచ్చినప్పుడు గోల్‌కు తన్ని 3 పాయింట్లు తీసుకోవాలా, బంతిని పక్కగీత బయటికి తన్ని ట్రై కోసం తెగించాలా అన్నది క్షణాల్లో తేల్చాల్సిందీ అతనే. రిఫరీ ఈ రోజు ఏ తప్పును ఎంత కఠినంగా పట్టుకుంటున్నాడో పసిగట్టి తనవాళ్లను హెచ్చరించేది కూడా అతనే. ఈ పని అనుభవంతో తప్ప రాదు.

2023లో వాలబీస్ కెప్టెన్ల వరస చూడండి. సీజన్ మొదట్లో మైకేల్ హూపర్, జేమ్స్ స్లిప్పర్ ఉమ్మడి సారథులు. హూపర్‌కు పిక్క గాయమైంది. మెల్‌బోర్న్‌లో న్యూజిలాండ్‌పై అలన్ అలాలటోవా నాయకుడు. ఆ మ్యాచ్‌లోనే అతని మడమ స్నాయువు తెగి సీజన్ ముగిసింది. డనెడిన్‌లో టేట్ మెక్‌డెర్మాట్. ఫ్రాన్స్ మ్యాచ్ నుంచి విల్ స్కెల్టన్, ప్రపంచకప్‌కు అధికారిక కెప్టెన్ అతనే. ఒక్క ప్రపంచకప్ మ్యాచ్ ఆడాడో లేదో అతనికీ గాయం. ఫిజీ మ్యాచ్ నుంచి డేవ్ పొరెకీ. మూడు నెలల్లోపు, ఏడు మ్యాచ్‌ల్లో, ఆరు పేర్లు.

ఇందులో దురదృష్టం వాటా లేదని ఎవరూ అనరు. ముగ్గురిని గాయాలే దింపాయి. కానీ గాయాలు రగ్బీలో వానాకాలంలో వాన లాంటివి. వస్తాయని ముందే తెలుసు కాబట్టి, ఒకరు పడితే ఇంకొకరు అందుకునే వరస సిద్ధంగా ఉంచుకోవడమే నాయకత్వ ప్రణాళిక. స్కెల్టన్ ఫ్రాన్స్‌లోని లా రోషెల్ క్లబ్‌కు ఆడుతూ యూరప్ చాంపియన్స్ కప్ గెలిచిన బలశాలి, కానీ టోర్నీకి నెల రోజుల ముందే జాతీయ జట్టు పగ్గాలు అందుకున్నాడు. పొరెకీ తొలి టెస్టు ఆడిందే 2022లో. ఎంతో అనుభవమున్న స్లిప్పర్ జట్టులోనే ఉన్నా ప్రపంచకప్‌లో సారథ్యం అతనికి దక్కలేదు.

ఎంపిక: 33 మందిలో 25 కొత్త ముఖాలు

ఆగస్టు 10న డార్విన్‌లో ప్రకటించిన 33 మంది జాబితాలో అంతకుముందు ప్రపంచకప్ ఆడినవాళ్లు ఎనిమిది మంది. మిగతా 25 మందికీ అదే మొదటిది.

లేనివాళ్ల జాబితా ఇంకా ఆశ్చర్యపరిచింది. 125 టెస్టులు ఆడి, వాలబీస్‌కు అందరికంటే ఎక్కువసార్లు నాయకత్వం వహించిన హూపర్ లేడు. సుమారు 80 టెస్టుల ఫ్లైహాఫ్ క్వేడ్ కూపర్ లేడు. 2015 ఫైనల్ ఆడిన మరో ఫ్లైహాఫ్ బెర్నార్డ్ ఫోలీ లేడు. హూపర్‌కు పిక్క గాయం ఇంకా మానలేదన్నది ఒక కారణం. కానీ టోర్నీ ముగిశాక జోన్స్ అసలు కారణం ఇంకోటి చెప్పాడు: ఆ ముగ్గురూ కుర్రాళ్లకు తాను కోరుకున్న తరహా ఆదర్శం కారని. 125 టెస్టుల మాజీ కెప్టెన్ గురించి ఆ మాట వినడం ఆస్ట్రేలియాలో చాలామందికి మింగుడుపడలేదు.

ఈ ఎంపిక దెబ్బ ఎక్కువగా తగిలింది పదో నంబరు చొక్కాకు. దాన్ని తొడుక్కునేవాడే ఫ్లైహాఫ్. గుంపులోంచి బంతి బయటపడగానే ఎక్కువసార్లు మొదట చేరేది అతని చేతికే. పరుగెత్తాలా, పక్కకు విసరాలా, దూరంగా తన్నాలా అన్నది అతను తేలుస్తాడు, మిగతా పద్నాలుగు మంది దాన్నిబట్టి కదులుతారు. ఆ స్థానానికి జోన్స్ తీసుకెళ్లిన ఏకైక నిపుణుడు 22 ఏళ్ల కార్టర్ గోర్డన్. తొలి టెస్టు ఆడింది ఆ ఏడాది జులైలో, ప్రపంచకప్ మొదలైంది సెప్టెంబరులో. అతను తడబడితే ఆదుకోవాల్సినవాడు బెన్ డొనాల్డ్‌సన్, పలు స్థానాల్లో ఆడగలిగినవాడు, జార్జియాపై అందరికంటే వెనక నిలిచే ఫుల్‌బ్యాక్‌గా రెండు ట్రైలు కొట్టినవాడు.

జరగకూడదనుకున్నదే జరిగింది. ఫిజీ మ్యాచ్ రెండో సగంలో గోర్డన్‌ను బయటికి పిలిచారు. వారం తర్వాత వేల్స్ మ్యాచ్‌కు పదో నంబరు డొనాల్డ్‌సన్‌ది. అంటే ప్రపంచకప్ మధ్యలో, గెలిచి తీరాల్సిన మ్యాచ్‌కు, జట్టు మెదడును మార్చారు. బెంచీ మీద కూపర్ లాంటి ఒక పాతకాపు ఉంటే ఆ కుర్రాడికి పోటీ కాకపోయినా ఆసరా అయ్యేవాడు.

కుర్రాళ్లను నమ్మడం తప్పు కాదు. 2027 ప్రపంచకప్ సొంతగడ్డ మీద ఉంది కనుక ఇప్పుడే విత్తనం వేస్తున్నానన్నది జోన్స్ వాదన. ఆ వాదన నిలవాలంటే విత్తినవాడు కోత దాకా ఉండాలి. అయిదేళ్ల ఒప్పందంలో ఆయన ఉన్నది పది నెలలు కూడా కాదు. అలా 2023ను 2027 కోసం ఖర్చుపెట్టి, 2027ను నడిరోడ్డు మీద వదిలేసినట్టయింది.

తీరు: రెండు మ్యాచ్‌లు, పదకొండు పెనాల్టీలు

ఆటగాళ్ల తీరును అంకెల్లో కొలవడం ఎలా? రగ్బీలో ఒక దారి ఉంది. పెనాల్టీ ఇచ్చుకోవడమంటే చాలాసార్లు క్రమశిక్షణ జారడమే: ఆఫ్‌సైడ్‌లో నిలబడటం, కింద పడ్డ బంతి మీద చేయి తీయకపోవడం, ఆలస్యంగా దూకడం. అలసట, ఆత్రం, అనుభవలేమి మూడూ పెనాల్టీల రూపంలో బయటపడతాయి.

సెప్టెంబరు 17, సెయింట్ ఎటియెన్. ఆస్ట్రేలియా రెండు ట్రైలు కొట్టింది, మార్క్ నవకానితవాసే ఒకటి, సులియాసి వునివాలు ఒకటి. ఫిజీ కొట్టింది ఒకే ఒక్క ట్రై, జోసువా తుయిసోవాది. అయినా స్కోరు 22-15, గెలిచింది ఫిజీ. ఎలాగంటే, ఫిజీ అయిదు పెనాల్టీలు గోల్‌కు తన్ని 15 పాయింట్లు చేసింది. ఆస్ట్రేలియా తన్నింది ఒక్కటి. మొదటి సగం ముగిసేసరికి ఫిజీ చేసిన 12 పాయింట్లూ పెనాల్టీలవే. ఒక్కసారి కూడా గీత దాటకుండా ఆధిక్యంలోకి వెళ్లింది. ఫిజీ చేతిలో ఆస్ట్రేలియా ఓడటం 1954 తర్వాత, 69 ఏళ్లకు, అదే మొదటిసారి. గాయాలతో స్కెల్టన్, ప్రాప్ తనియెలా తుపో ఇద్దరూ ఆ మ్యాచ్‌కు లేరు. రెండు జట్ల బరువైన ఆటగాళ్లు తలలు ఆనించి తోసుకునే స్క్రమ్‌లో కొండంత బలం పోయింది.

వారం తర్వాత లియాన్‌లో వేల్స్. స్కోరు 40-6, ప్రపంచకప్‌లో ఆస్ట్రేలియాకు అదే అతిపెద్ద ఓటమి. వేల్స్ కొట్టిన ట్రైలు మూడే. గాయపడిన డాన్ బిగ్గర్ స్థానంలో పన్నెండో నిమిషంలో వచ్చిన గారెత్ ఆన్స్‌కమ్ ఒక్కడే ఆరు పెనాల్టీలు, ఒక డ్రాప్‌గోల్, ఒక కన్వర్షన్‌తో 23 పాయింట్లు చేశాడు. ఆస్ట్రేలియా చేసిన ఆరూ రెండు పెనాల్టీ గోల్స్.

రెండు మ్యాచ్‌లూ కలపండి. ప్రత్యర్థులు తన్నిన పెనాల్టీ గోల్స్ 11, పాయింట్లు 33. ఆ రెండింట్లో ఆస్ట్రేలియా అన్ని విధాలా చేసిన పాయింట్లు 21. ఎదుటివాళ్లకు తప్పుల ద్వారా ఇచ్చుకున్నదే తాము సంపాదించినదాన్ని మించిపోయింది. ఎదుటి జట్లు చేసిన 62లో సగానికి పైగా ఇలా వచ్చినవే. మూడు జబ్బులూ కలిసి ఒకే చోట బయటపడ్డాయి: అనుభవం లేని జట్టు తప్పులు చేసింది, రిఫరీని చదవగలిగిన పాత కెప్టెన్ పగ్గాలు పట్టలేదు, తప్పుల వల్ల పోయిన పాయింట్లను తిరిగి తేగలిగిన పదో నంబరు లేడు.

గ్రూప్ తుది పట్టిక ఇలా ముగిసింది: వేల్స్ 19, ఫిజీ 11, ఆస్ట్రేలియా 11, పోర్చుగల్ 6, జార్జియా 3. ఆస్ట్రేలియా పదకొండు ఎక్కడివంటే జార్జియా, పోర్చుగల్‌లపై బోనస్‌తో అయిదేసి, ఫిజీ చేతిలో సరిగ్గా ఏడు తేడాతో ఓడినందుకు ఒకటి. ఫిజీ పదకొండు: ఆస్ట్రేలియా, జార్జియాలపై గెలుపుతో నాలుగేసి, వేల్స్ చేతిలో ఓడినా రెండు బోనస్‌లు, చివరి మ్యాచ్‌లో పోర్చుగల్ చేతిలో 24-23తో ఓడినందుకు ఒకటి. పోర్చుగల్‌కు అది ప్రపంచకప్ చరిత్రలోనే తొలి గెలుపు. ఆస్ట్రేలియన్లు అంతకు వారం ముందే తమ మ్యాచ్‌లు ముగించుకుని ఆ ఫలితం కోసం ఎదురుచూశారు. ఫిజీ ఓడింది, కానీ ఒక్క పాయింటు తేడాతో ఓడి ఆ ఒక్క బోనస్ తెచ్చుకుంది. సమానమైనప్పుడు ముఖాముఖి ఫలితమే గీటురాయి కాబట్టి ఫిజీ ముందుకు, ఆస్ట్రేలియా ఇంటికి వెళ్లాయి.

జపాన్ నీడ

ఆటగాళ్ల తీరు గురించి మాట్లాడేటప్పుడు పైవాళ్ల తీరు కూడా చూడాలి. ఆగస్టు 17న ప్రపంచకప్‌కు బయల్దేరుతూ సిడ్నీ విమానాశ్రయంలో జోన్స్ విలేకరులతో గొడవపడ్డాడు. మీ దవడల మీద మీరే గుద్దుకోండి అన్నంత మాట అన్నాడు. అదే సమయంలో అటాక్ కోచ్ బ్రాడ్ డేవిస్ తప్పుకున్నట్టు తెలిసింది, ప్రయాణం ముంగిట. వేల్స్ మ్యాచ్ రోజునే సిడ్నీ మార్నింగ్ హెరాల్డ్ ఇంకో కథనం ప్రచురించింది. టోర్నీకి ముందు ఆగస్టులో జోన్స్ జపాన్ కోచ్ ఉద్యోగం కోసం ఆన్‌లైన్‌లో మాట్లాడాడన్నది దాని సారాంశం. ఆయన తన నిబద్ధత ఆస్ట్రేలియాకేనన్నాడు. అక్టోబరు 29న రాజీనామా చేశాడు. డిసెంబరు 13న జపాన్ ఆయన్ను కోచ్‌గా ప్రకటించింది.

నాయకుడు సగం గుమ్మం బయట ఉన్నాడన్న అనుమానంతో ఒక జట్టు చావో రేవో మ్యాచ్‌కు దిగితే ఎలా ఉంటుందో 40-6 చెబుతుంది. ఆ ఒక్క వార్తే కారణమని అనలేం. కుర్రాళ్లకు మాత్రం అది ఊతమిచ్చే వార్త కాదు.

జోన్స్‌ను ఏరికోరి తెచ్చిన మెక్‌లెనన్‌పై క్వీన్స్‌లాండ్ సహా పలు సభ్య సంఘాలు తిరగబడ్డాయి. ఆయన పదవి పోయాక మాజీ ఆటగాడు డేనియల్ హెర్బర్ట్ ఛైర్మన్ అయ్యాడు. ఖజానా సంగతి అంతకంటే మెరుగ్గా లేదు. 2023కు రగ్బీ ఆస్ట్రేలియా చూపిన లోటు 92 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు. అప్పటికే 8 కోట్ల డాలర్ల రుణ సదుపాయానికి ఒప్పందం చేసుకుంది. 2024 జనవరిలో మెల్‌బోర్న్ రెబల్స్ క్లబ్ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది, సీజన్ ముగియగానే మూతపడింది. క్లబ్‌ల పోటీ అయిన సూపర్ రగ్బీలో ఆస్ట్రేలియా జట్లు అయిదు కాస్తా నాలుగయ్యాయి. కార్టర్ గోర్డన్ సొంత క్లబ్ ఈ రెబల్సే. అతను రగ్బీ లీగ్‌కు వెళ్లిపోయి, 2025 చివరికి గానీ వాలబీస్ చొక్కా మళ్లీ తొడుక్కోలేదు.

ఈ రగ్బీ లీగ్ అన్నదే ఇంకో పోటు. అది 13 మంది ఆట, నిబంధనలూ వేరు. ఆస్ట్రేలియాలో దాని జాతీయ పోటీలో 2023లో 17 క్లబ్‌లున్నాయి. దేశవాళీ ఫుట్‌బాల్ ఏఎఫ్ఎల్‌లో 18. ప్రతిభ గల పిల్లవాడికి ఎటు వెళితే అవకాశం, సొమ్ము ఎక్కువో ఈ అంకెలే చెబుతాయి. అయిదు, ఆపైన నాలుగు క్లబ్‌ల నుంచి ప్రపంచస్థాయి జట్టును తీయాలి. కోచ్ ఎవరైనా మొదట గుద్దుకునే గోడ ఇదే.

తర్వాత వచ్చినాయన, మళ్లీ అదే 38

2024 జనవరిలో న్యూజిలాండ్‌వాసి జో ష్మిట్‌కు పగ్గాలిచ్చారు. ఐర్లాండ్‌ను గాడిన పెట్టిన మనిషి, గొంతు పెద్దది చేయని మనిషి. ఆయన చేసిన మొదటి పనుల్లో ఒకటి, జోన్స్ ప్రపంచకప్‌కు తీసుకెళ్లనివాళ్లను వెనక్కి పిలవడం. హ్యారీ విల్సన్ 2023 జాబితాలో లేడు. 2024 ఆగస్టు చివర్లో కెప్టెనయ్యాడు. టామ్ రైట్ లేడు, ఫుల్‌బ్యాక్ స్థానం అతనిదైంది. ఫ్లైహాఫ్ నోవా లొలేసియో లేడు, పదో నంబరుకు తిరిగొచ్చాడు.

ఫలితాలు కళ్లకు పండుగ చేశాయి కొన్నిసార్లు. 2024 నవంబరులో ట్వికెన్‌హామ్‌లో ఇంగ్లండ్‌పై 42-37. 2025 ఆగస్టు 2న సిడ్నీలో బ్రిటన్, ఐర్లాండ్‌ల ఉమ్మడి జట్టు బ్రిటిష్ అండ్ ఐరిష్ లయన్స్‌పై 22-12. రెండు వారాలకే జొహానెస్‌బర్గ్ ఎలిస్ పార్క్‌లో ప్రపంచ చాంపియన్ దక్షిణాఫ్రికాపై 0-22 వెనకబడి, వరసగా 38 పాయింట్లు చేసి 38-22తో గెలుపు. ఆ మైదానంలో ఆస్ట్రేలియా గెలవడం 1963 తర్వాత అదే. ఆ రోజు విల్సన్‌వి రెండు ట్రైలు. సిడ్నీ గెలుపుకు ముందు మెల్‌బోర్న్‌లో లయన్స్‌తో మ్యాచ్‌కు 90,307 మంది వచ్చారు. 26-29తో ఓడినా ఆ జట్టును జనం మళ్లీ తమదనుకున్నారు.

ఇప్పుడు శాతం తీయండి. 2024లో 13 టెస్టులు, 6 గెలుపులు. 2025లో 15 టెస్టులు, 5 గెలుపులు. ఆ ఏడాది నవంబరులో యూరప్‌లో ఇంగ్లండ్, ఇటలీ, ఐర్లాండ్, ఫ్రాన్స్ నాలుగింటి చేతిలోనూ ఓడారు. 2025 చివరికి మొత్తం 28లో 11, అంటే 39 శాతం. రెనీని పంపించేసినప్పటి అంకె 38.

మధ్యలో 22 శాతం తొమ్మిది మ్యాచ్‌లు, ఒక ప్రపంచకప్, ఒక ఛైర్మన్, ఇద్దరు కోచ్‌లు ఖర్చయ్యాక వాలబీస్ బయల్దేరిన చోటికే చేరారు. రెనీ, ష్మిట్‌ల ప్రత్యర్థులు, షెడ్యూళ్లు ఒకటి కావు కాబట్టి ఇద్దరినీ ఈ ఒక్క అంకెతో తూచలేం. అయినా ఒక సంగతి తేటతెల్లం. పది మ్యాచ్‌లకు నాలుగు గెలవడం ఈ జట్టు ఇప్పటి స్థాయి. దాన్ని నిర్ణయిస్తున్నది క్లబ్‌ల సంఖ్య, సొమ్ము, ఆటగాళ్ల వలస. మంచి కోచ్ దాన్ని నిలబెట్టగలడు, ఒక్కో రోజు మించగలడు. కోచ్, కెప్టెన్, ఎంపిక మూడూ ఒకేసారి అదుపు తప్పితే ఆ స్థాయి కూడా దాదాపు సగానికి పడిపోతుందని 2023 చూపించింది. పడగొట్టడానికి పది నెలలు చాలాయి. మళ్లీ అక్కడికే ఎక్కడానికి రెండేళ్లు పట్టింది.

2027కు చూడాల్సినవి

తదుపరి ప్రపంచకప్ ఆస్ట్రేలియాలోనే, 2027 అక్టోబరు 1 నుంచి. జట్లు 20 నుంచి 24కు పెరిగాయి. ఆరు గ్రూపుల నుంచి 16 జట్లు ముందుకు వెళ్తాయి. 2023లో 12 జట్లు గ్రూప్ దశలో ఇంటిముఖం పట్టాయి, ఈసారి ఎనిమిదే. కాబట్టి అప్పటి అవమానం మళ్లీ జరగడం కష్టం. అయితే ర్యాంకుల ప్రకారం మొదటి ఆరు జట్లకు గ్రూప్‌లో పెద్దపీట దక్కింది. గ్రూపులు తీసేనాటికి ఆస్ట్రేలియా ఏడో స్థానంలో ఉండేది. ఒక్క మెట్టు తేడా వల్ల ఆతిథ్య దేశమై ఉండి కూడా న్యూజిలాండ్ గ్రూప్‌లో పడింది. చిలీ, హాంకాంగ్ చైనా మిగతా రెండు జట్లు. ఆస్ట్రేలియాతో పోటీపడే బ్లెడిస్లో కప్‌ను 2003 నుంచి చేజారనివ్వని న్యూజిలాండ్ అది.

2026 మధ్యలో ష్మిట్ నుంచి క్వీన్స్‌లాండ్ రెడ్స్ కోచ్ లెస్ కిస్‌కు బాధ్యతలు అప్పగించాలని రగ్బీ ఆస్ట్రేలియా 2025 ఏప్రిల్‌లోనే ప్రకటించింది. ప్రపంచకప్‌కు ఏడాదికి పైగా ముందు, ముందే చెప్పి చేసే మార్పు ఇది. ఎనిమిది నెలలు ఉందనగా రాత్రికి రాత్రి కోచ్‌ను మార్చిన 2023తో పోలిస్తే, అధికారులు ఒక పాఠమైతే నేర్చుకున్నారు.

మిగతా పాఠాలు నేర్చుకున్నారో లేదో మూడు అంకెలు చూసి చెప్పవచ్చు. ప్రపంచకప్‌కు ముందు ఆరు నెలల్లో ఎంతమంది కెప్టెన్లు మారారు? 33 మందిలో పదో నంబరు ఆడగలిగినవాళ్లు ఎంతమంది, వాళ్లందరివీ కలిపి ఎన్ని టెస్టులు? మ్యాచ్‌కు ఎన్ని పెనాల్టీ గోల్స్ ఇచ్చుకుంటున్నారు? ఈ మూడూ కుదురుగా ఉంటే 39 శాతం జట్టు కూడా సొంత ప్రేక్షకుల ముందు పెద్ద జట్లను వణికించగలదు, ఎలిస్ పార్క్ అందుకు రుజువు. కుదురుగా లేకపోతే, ఎంత పేరున్న కోచ్ ఎన్ని సవాళ్లు విసిరినా, 2023 పట్టికలో కనిపించిన లెక్కే మళ్లీ వస్తుంది.